కూలరు గంటకు ఎన్ని నీళ్లు తాగుతోంది?

(కనిగిరిలో వేసవికి ముందు ఆశా కార్యకర్తలు, సచివాలయ సిబ్బంది, రైతుల సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఎండ ఎక్కకముందే ముగిద్దామనుకున్నాం గాని, అప్పుడే పదిన్నర అయింది. నేరుగా విషయంలోకి వస్తాను.

ముందు ఒక లెక్క. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తమతో పట్టుకుపోతాయి. ఆ లీటరు గంటలో ఆవిరైందనుకోండి, గంటసేపు 670 వాట్ల వేడిని లాగేసినట్టు. ఊరికే కూర్చున్న మనిషి వొంట్లో పుట్టే వేడి 100 వాట్ల దాకా ఉంటుంది. అంటే లీటరు నీళ్లు ఆరేడుగురి వొంటి వేడిని మోసుకుపోతాయి. కూలరులో ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు. లోపలి ఫ్యాను, పంపు, గడ్డి, ముందున్న రెక్కలు, రిమోటు అన్నీ నీళ్లను ఆవిరి చేయడానికి కూలికి పెట్టుకున్న పనివాళ్లు. అసలు పని చేసేది నీళ్లే.

అందుకని కూలరు కొనేటప్పుడూ, వాడేటప్పుడూ, చెడిపోయిందని అనుమానం వచ్చినప్పుడూ ఒకటే ప్రశ్న వేసుకోండి. ఇది గంటకు ఎన్ని నీళ్లు తాగుతోంది? మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు మీద నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మూడింటికి చూడండి. మళ్లీ గీత దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టాయో కొలవండి. కనిగిరిలో మే నెల మధ్యాహ్నం, ఇంట్లో వాడే చిన్న కూలరు 3, 4 లీటర్లు తాగితే బాగా పనిచేస్తున్నట్టు. ఒక లీటరే తాగితే గాలి ఎంత జోరుగా వచ్చినా మీకు వస్తున్నది ఫ్యాను గాలే. నీళ్లు తక్కువ తాగే కూలరు మంచిదని కొందరు మురిసిపోతుంటారు. మేత ముట్టని గేదె మంచిదన్నట్టు ఉంటుంది ఆ మాట.

ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి, బల్ల మీద పెట్టుకునే చిన్న డబ్బా, దానికి మినీ ఏసీ అని పేరు. అందులో పట్టేది అర లీటరు నీళ్లు, నాలుగు గంటలు వస్తాయంటారు. గంటకు 125 మిల్లీలీటర్లు. లెక్క కట్టండి, సుమారు 84 వాట్లు. మనిషి ఒక్కడి వొంటి వేడికి కూడా చాలదు, గది సంగతి దేవుడెరుగు. దాన్ని నమ్మి ఇంట్లో ముసలమ్మ పక్కన పెట్టి పనికి వెళ్లిపోకండి.

ఇప్పుడు ఏసీకీ కూలరుకూ ఉన్న తేడా. ఏసీ గదిలోని వేడిని గోడ బయట పారబోస్తుంది. కూలరు అలా పారబోయదు, వేడిని ఆవిరిలో దాచి అదే గదిలోకి ఊదుతుంది. ఆ ఆవిరి కిటికీలోంచి బయటికి పోతేనే వేడి పోయినట్టు. తలుపులు బిగించి కూలరు వేసుకుంటే మొదటి పావుగంట హాయిగా ఉంటుంది. అరగంటకు గాలిలో తేమ నిండిపోతుంది, ప్యాడ్ మీద, అంటే గాలి దూరివచ్చే తడి గడ్డి మీద, నీళ్లు ఆవిరవడం తగ్గిపోతుంది, వొంటి మీద చెమట కూడా ఆరదు. గదిలో 34 డిగ్రీలే ఉన్నా ఉడికినట్టుంటుంది. పసిబిడ్డలున్న గదుల్లో చల్లదనం పోతుందని కిటికీలు మూసేస్తుంటారు. అది ప్రమాదం.

ఎంత తెరవాలి? గంటకు 850 ఘనపు మీటర్ల గాలికి ఒక చదరపు అడుగు ఖాళీ, ఇది పనికొచ్చే కొలత. డబ్బా మీద గంటకు 1,000 ఘనపు మీటర్లని రాసి ఉన్న కూలరైతే, ఎదురు గోడలోని కిటికీ రెక్కను జానెడు తెరిస్తే సరిపోతుంది. 3,000 అని రాసి ఉన్న పెద్ద డెజర్ట్ కూలరుకు కిటికీ మొత్తం తెరవాల్సిందే. కూలరుకూ తెరిచిన కిటికీకీ మధ్య మనిషి ఉండాలి. తెరిచింది కూలరు పక్కనే ఉన్న కిటికీ అయితే చల్లగాలి మిమ్మల్ని తాకకుండానే బయటికి పోతుంది.

కూలరు గాలి పీల్చుకోవాల్సింది బయటి నుంచే. డెజర్ట్ కూలరును కిటికీ బయట స్టాండు మీద పెడతాం, కాబట్టి ఇబ్బంది లేదు. గదిలో చక్రాల మీద తిరిగే చిన్న కూలరుతోనే తప్పు జరుగుతుంది. దాన్ని గది మధ్యలోనో, గోడకు ఆనించో పెడతారు. అప్పుడు తాను ఊదిన తడిగాలినే మళ్లీ పీలుస్తుంది. దాని వీపు తెరిచిన కిటికీకో తలుపుకో దగ్గరగా ఉండాలి, జానెడు సందు విడిచిపెట్టాలి. ఆ కిటికీ పడమటి ఎండ పడేదైతే బయట గోనెపట్టా వేలాడదీసి నీడ చేయండి.

*

మన ప్రకాశం, నెల్లూరు వైపు రెండు గాలులున్నాయి. వెలికొండల మీదుగా దిగొచ్చే పడమటి గాలి ఒకటి. అది పొయ్యిలోంచి వచ్చినట్టుంటుంది, మూతి పగిలేంత పొడిగా. కనిగిరి, పామూరు, ఉదయగిరి, సీతారామపురం, మార్కాపురం వైపు మే నెలలో పగలంతా ఇదే. రెండోది సముద్రపు గాలి. కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు, కృష్ణపట్నం వైపు మధ్యాహ్నం దాటాక తిరుగుతుంది, కొన్ని రోజుల్లో సాయంత్రానికి ఒంగోలు, నెల్లూరు పట్నాలు దాటి లోపలికి వస్తుంది. కూలరుకు పడమటి గాలి ప్రాణం. అందరూ తిట్టుకునే ఆ గాలే దాని మేత. సముద్రపు గాలి వచ్చిందా, కూలరుకు పని తగ్గిపోతుంది.

అంకెల్లో చెబుతాను. 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. ఈ గాలి నీటితో చల్లబడగలిగిన చివరి మెట్టు 25న్నర డిగ్రీలు. అంతకు కిందికి ఏ కూలరూ పోలేదు. నాలుగు అంగుళాల మందమున్న మంచి హనీకాంబ్ ప్యాడ్ (తేనెపట్టులాంటి అట్ట) ఆ దూరంలో ఐదింట నాలుగు వంతులు దిగుతుంది, అంటే 29 డిగ్రీల గాలి వస్తుంది. చిన్న కూలర్లలో ఉండే పల్చటి ప్యాడ్ సగం దూరమే దిగుతుంది, గాలి 35 దగ్గర ఆగిపోతుంది. ఇక సముద్రం పక్కన 36 డిగ్రీలు, 60 శాతం తేమ తీసుకోండి. చివరి మెట్టే 29న్నర. మంచి ప్యాడ్ అయినా 31 దాకానే దిగుతుంది. దక్కేది ఐదు డిగ్రీలు, దానికి బదులు గదికి బోలెడు తేమ.

వాతావరణ శాఖ వడగాడ్పులను ప్రకటించే పద్ధతిలోనూ ఈ తేడా ఉంది. మైదానాల్లో 40 డిగ్రీలు తాకి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. తీరంలో ఆ అంకె 37 మాత్రమే. తీరంలో తేమకు చెమట ఆరదు, అందుకని అక్కడ 37 కూడా మనిషిని పడేస్తుంది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో ప్రకాశం ఒకటి.

ఇవాళ ఏ గాలి తోలుతోందో తెలుసుకోవడం ఎలా? ముక్కుతో తెలుస్తుందనేవాళ్లున్నారు, వాళ్లకో దండం. మిగతావాళ్లం రెండు థర్మామీటర్లు తీసుకుందాం. జ్వరం చూసేవి కాదు, బడి ప్రయోగశాలల్లో ఉండే గాజు గొట్టాలు. ఒకదాని బుడ్డికి పాత తెల్ల పంచె ముక్క చుట్టి, మామూలు నీళ్లలో తడపండి. రెంటినీ ఫ్యాను ముందు ఐదు నిమిషాలు ఉంచండి. గుడ్డ ఆరిపోకూడదు. ఆ తర్వాత రెండూ చూడండి. తడి థర్మామీటరు చూపించేదే ఇందాక చెప్పిన చివరి మెట్టు. రెంటికీ తేడా పది డిగ్రీలు దాటితే కూలరు పండగ చేసుకుంటుంది. ఐదుకూ పదికీ మధ్యైతే పనికొస్తుంది, కిటికీలు ఇంకొంచెం తెరవాలి. ఐదుకు లోపలైతే పంపు ఆపేసి ఫ్యాను మాత్రం తిప్పుకోండి. అప్పుడు నీళ్లు పోసేకొద్దీ ఉక్క పెరగడమే. ఇక తడి థర్మామీటరే 30 దగ్గరికి వచ్చిందంటే, కూలరును నమ్ముకుని పెద్దవాళ్లను గదిలో పడుకోబెట్టొద్దు. ఏసీ ఉన్న చోటికి చేర్చాలి, లేదంటే వొంటిని తడుపుతూ పక్కన ఒకరు ఉండాలి.

ఒంగోలులో, నెల్లూరులో ఒకే రోజులో రెండు రకాలుగా వాడాలి. పొద్దున పదకొండు నుంచి పడమటి గాలి తోలుతున్నంతసేపూ పంపు, ఫ్యాను రెండూ. గాలి తూర్పుకు తిరగగానే పంపు బంద్, కిటికీలన్నీ బార్లా. చాలా కూలర్లలో పంపుకు వేరే బటన్ ఉంటుంది, రిమోటు మీద నీటి చుక్క బొమ్మ. దాన్ని ఎందుకు పెట్టారో ఎవరూ చూడరు.

*

ఐసు గడ్డల సంగతి ఒకటుంది. ట్యాంకులో ఐసు వేస్తే చల్లదనం రెట్టింపవుతుందని కంపెనీవాళ్లే ఐసు అర పెట్టి అమ్ముతున్నారు. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు 25 డిగ్రీలకు వేడెక్కేలోగా లాక్కునే వేడి సుమారు 440 కిలోజౌళ్లు. ఐదు కిలోలు వేస్తే 2,200. లీటరు నీళ్లు ఆవిరైతే 2,400 అని చెప్పుకున్నాం. అంటే ఐదు కిలోల ఐసు కలిసి చెంబెడు నీళ్లతో పోటీ పడలేకపోయింది. మీ ఊళ్లో ఐసు దొరికితే దాచిపెట్టండి. వడదెబ్బ తగిలినవాళ్ల చంకల్లో పెట్టడానికి కావాలి.

ప్యాడ్లు రెండు రకాలు. కొయ్య నారతో చేసినది, మనవాళ్లు కూలరు గడ్డి అంటారు. చవక, మొదటి నెల బాగా పనిచేస్తుంది. తర్వాత తడిసి కిందికి జారిపోతుంది, పైన రెండు మూడు అంగుళాలు ఖాళీ పడుతుంది. గాలి సోమరిది, అడ్డం లేని దారి దొరికితే తడి గడ్డిలోకి ఎందుకు దూరుతుంది? ఆ ఖాళీలోంచే వేడిగాలి నేరుగా గదిలోకొస్తుంది. నెలకోసారి జాలీ విప్పి గడ్డిని పైకి ఎగదోసి, ఖాళీల్లో కొత్త గడ్డి కూరాలి. ఏటా మార్చాలి. రెండోది హనీకాంబ్, తేనెపట్టులాంటి అట్ట. దీనికి బూజు, ఉప్పు పట్టకుండా చూసుకుంటే రెండు మూడు ఎండాకాలాలు వస్తుంది. పాతకాలంలో వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు, సూత్రం అదే. వట్టివేళ్లకు వాసన బాగుంటుంది గాని గాలి తక్కువ పోనిస్తాయి, గట్టిగా కూరకూడదు.

కూలరు వేసే ముందు పది నిమిషాలు పంపు ఒక్కటే నడపండి. ప్యాడ్ పూర్తిగా తడిశాక ఫ్యాను వేయండి. తర్వాత ప్యాడ్ల మీద అరచెయ్యి ఆనించి చూడండి. ఒకచోట తడి, ఒకచోట పొడి చారలు కనిపిస్తే పైన నీళ్లు పంచే గొట్టం బెజ్జాలు పూడినట్టు. సూదితోనో చీపురుపుల్లతోనో తీయాలి. అన్ని వైపులా పొడిగా ఉంటే పంపు నోటికున్న జాలీ చూడాలి, సగం ఫిర్యాదులకు అక్కడే సమాధానం దొరుకుతుంది. ట్యాంకు అడుగున రెండంగుళాల కంటే తక్కువ నీళ్లుంటే పంపు గాలి పీల్చి కాలిపోతుంది. గరగరమని శబ్దం వస్తే వెంటనే ఆపండి.

ఇక మన నీళ్లు. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఫ్లోరైడు, ఉప్పు, సున్నం అన్నీ ఉన్నాయి. ఫ్లోరైడు నీళ్లు కూలరులో పోస్తే ఆ గాలి పీల్చినందుకు ఏమన్నా అవుతుందా అని అడుగుతుంటారు. అవదు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఫ్లోరైడూ ఉప్పూ ట్యాంకులోనే మిగిలిపోతాయి. అసలు బాధ అక్కడే ఉంది. లీటరుకు 1,500 మిల్లీగ్రాముల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు, ఉన్న నీళ్లు రోజుకు 60 లీటర్లు పోశారనుకోండి. ఐదు రోజుల్లో 300 లీటర్లు, అందులోని ఉప్పు మొత్తం 450 గ్రాములు. అర కిలో ఉప్పు మీ ట్యాంకులోనూ ప్యాడ్ మీదా కూర్చుంది. తెల్లటి పొట్టు కట్టి, ప్యాడ్ రాయిలా అవుతుంది, గాలి దూరదు.

దీనికి మందు ట్యాంకు ఖాళీ చేయడమే. రోజూ రాత్రి కూలరు ఆపాక అడుగు బిరడా తీసి మిగిలిన నీళ్లన్నీ వదిలేయండి. అవి పారబోసే నీళ్లు కావు, బాత్‌రూముల్లో పోసుకోండి. ఆకుకూరల మడికి వద్దు, ఉప్పు ఎక్కువ. బిరడా తీసే ముందు పంపు కాసేపు నడిపి ప్యాడ్లను కడగనివ్వండి. ఇప్పటికే పొట్టు కట్టిందంటే, పది లీటర్ల నీళ్లలో వంద గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఫ్యాను వేయకుండా పంపు మాత్రం గంటసేపు తిప్పండి. ఆ నీళ్లు వదిలేసి మంచినీళ్లతో ఒకసారి కడగండి. యాసిడ్ పోయకండి. అట్ట ఊడిపోతుంది, ఇనుప ట్యాంకుకు బెజ్జం పడుతుంది.

ఊళ్లో ఆర్వో ప్లాంటు దగ్గర వృథాగా పోయే నీళ్లు వాడొచ్చు, తాగడానికి కరువున్న చోట అదే మంచి పద్ధతి. ఉప్పు ఇంకా ఎక్కువుంటుంది కాబట్టి రోజూ ట్యాంకు వదలడం మాత్రం తప్పదు. చెరువు నీళ్లు, బురద నీళ్లు వద్దు. వారానికి ఒకసారి ట్యాంకు లోపలి గోడలను బ్రష్షుతో రుద్దండి. నీళ్లు మారిస్తే చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి.

*

కరెంటు దగ్గర కాస్త నిలబడాలి. ఇనుప బాడీ, లోపల నీళ్లు, తడి నేల, వొట్టి కాళ్లు. మనిషిని చంపడానికి ఇంకేం కావాలి? పంపు వైరు తొక్క ఊడి ట్యాంకును తాకితే కూలరు బాడీ మొత్తం కరెంటవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దోపకూడదు. ఇంటికి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది వేసవిలో, వారానికి రెండు బిందెలు నీళ్లు పోయాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, పెట్టిస్తే వైరు తగిలిన క్షణంలో కరెంటు కట్టవుతుంది. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. స్విచ్ న్యూట్రల్ వైరు మీద ఉన్న ఇళ్లు ఎన్నో, అక్కడ స్విచ్ ఆపినా కూలరులో కరెంటు ఉంటుంది. అమ్మా, ఇది ముఖ్యంగా మీకు, బిందెతో నీళ్లు పోసేది ఎక్కువగా మీరే కదా.

ఫ్యాను మెల్లగా తిరుగుతూ హుం అంటుంటే ముందు కెపాసిటర్ మార్పించండి. మోటారు పోయిందని కొత్తది అంటగట్టకుండా చూసుకోండి.

కరెంటు పోతే ఎలా? మే నెల గాలివానకు స్తంభాలు పడితే రెండు రోజులు కూడా పట్టొచ్చు. ఇంట్లో ఇన్వర్టరు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటుంటే, 180 వాట్ల కూలరు ఐదు గంటలు నడుస్తుంది, బ్యాటరీ కొత్తదైతే. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద కూలరు మోటారు వేడెక్కి అరుస్తుంది. ఆ మాట కొనేముందు అడగండి. 12 వోల్టుల డీసీ ఫ్యాను, డీసీ పంపు ఉన్న చిన్న కూలర్లు సోలారు ప్యానెలుతోనే నడుస్తాయి. పొలం గుడిసెల్లో, రొయ్యల చెరువుల కాపలా షెడ్లలో, చీమకుర్తి రాతి క్వారీల దగ్గర విశ్రాంతి పందిళ్లలో ఇవే నయం.

ఇక అసలు మాట. నీళ్లూ కరెంటూ రెండూ కరువైతే గదిని చల్లార్చాలనే ఆశ వదిలేయండి. మనిషిని చల్లార్చండి. గంటకు వెయ్యి ఘనపు మీటర్ల గాలిని 15 డిగ్రీలు దించడానికి ఏడు లీటర్లు కావాలి, అందులో చాలా భాగం గోడలను, మంచాన్ని, బీరువాను చల్లారుస్తుంది. అదే ఒక మనిషికి పల్చటి నూలు బనియను తొడిగి, అర లీటరు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా కూర్చోబెడితే, ఆ అర లీటరూ గంటలో వొంటి మీదే ఆవిరవుతుంది. 330 వాట్ల వేడిని వొంటి దగ్గరే లాగేస్తుంది. బనియను ఆరగానే మళ్లీ తడపాలి. పాలిస్టరు చొక్కా నీళ్లు పట్టదు, వద్దు.

తడి గుడ్డ లేకుండా వొట్టి ఫ్యాను మాత్రం 40 డిగ్రీలు దాటాక నమ్మొద్దు. అప్పుడు గాలి వొంటికంటే వేడి, ఫ్యాను వేడిని వొంట్లోకి తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 దాటితే ఫ్యాను వాడొద్దనే చెబుతుంది. ముసలివాళ్లకు చెమట తక్కువ, వాళ్లకు ఇంకా ముందే ప్రమాదం. వొంటిని తడిపాక ఆ లెక్క మారిపోతుంది.

రేకుల ఇళ్లవాళ్లకు ఒక మాట. రేకు కింద కూలరు ఓడిపోతుంది. తల మీద నిప్పుల పెనం పెట్టుకుని పక్కన విసనకర్ర విసిరినట్టే. ముందు రేకుకు సున్నం కొట్టండి, పైన తాటాకు పరవండి. ఆ తర్వాతే కూలరు.

*

ప్రతి ఊళ్లో ఒక చల్లగది ఉంటే బాగుంటుంది. బడి గదో, పంచాయతీ హాలో. పదిహేను మంది పెద్దవాళ్లు, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా. దానికి 70 లీటర్ల డెజర్ట్ కూలర్లు రెండు, పడమటి కిటికీల్లో. తూర్పు కిటికీలన్నీ తీసి ఉంచాలి. ఒక్కో కూలరు గంటకు 10 నుంచి 15 లీటర్లు తాగుతుంది. ఆరు గంటలకు రెండూ కలిసి 180 లీటర్ల దాకా, అంటే 200 లీటర్ల డ్రమ్ము ఒకటి నిండా కావాలి. తాగడానికి మనిషికి రెండు లీటర్ల చొప్పున 30 లీటర్లు వేరుగా, కుండల్లో. ఈ రెంటినీ ఒకే డ్రమ్ములో పెట్టొద్దు. సాయంత్రానికి కూలరుకే అన్నీ పోసేసి తాగడానికి లేకుండా చేస్తారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇరవై, ప్యాకెట్టుకు లీటరు నీళ్లు, చెంబు కొలతలు వద్దు. గోడకు రెండు థర్మామీటర్లు, ఒకటి తడి గుడ్డతో. గంటకోసారి రాసే మనిషి ఒకరు.

అక్కడే ఎవరికైనా వడదెబ్బ తగిలిందనుకోండి. వొళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతారు, ఫిట్స్ రావొచ్చు, స్పృహ పోవచ్చు. చెమట పట్టకపోతేనే వడదెబ్బ అనుకోకండి, ఎండలో పనిచేసినవాళ్లకు చెమటతో కూడా వస్తుంది. మాట తడబడటమే గుర్తు. ముందు 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఆగకుండా చల్లార్చండి. బట్టలు వదులు చేసి, కూలరుకు మూడడుగుల దూరంలో పడుకోబెట్టి, ఫ్యాను పూర్తి వేగంలో పెట్టండి. తల నుంచి పాదాల దాకా మామూలు నీళ్లు చల్లుతూ ఉండండి, రెండు నిమిషాలకోసారి, వొళ్లు ఆరనివ్వకుండా. మెడకు, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకునేవాళ్లను నేను తప్పుపట్టను, దాంతో ఆగిపోనంత వరకు.

ప్రశ్నలుంటే అడగండి.

ఆశా కార్యకర్త ఒకరు: సార్, బాలింతలకు కూలరు గాలి పడదంటారు. పసిబిడ్డకు జలుబు చేస్తుందని అత్తగారు ఆపేస్తారు.

మంచి ప్రశ్నమ్మా. గాలి బిడ్డ మొహం మీద నేరుగా కొట్టకుండా రెక్కలను పక్క గోడ వైపు తిప్పమనండి, గది చల్లబడితే చాలు. జలుబు చల్లదనంతో రాదు, అయినా అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ట్యాంకు వాసన వస్తోందా చూడండి, కుళ్లిన నీళ్ల కూలరుకు పిల్లలు తుమ్ముతారు, దగ్గుతారు. నీళ్లు మార్పించి, ప్యాడ్ ఎండలో ఆరబెట్టించండి. బిడ్డకు గుడ్డలు పల్చగా వేయాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లి పాలే మాటిమాటికీ ఇవ్వాలి, నీళ్లు అక్కర్లేదు. తల్లి మాత్రం ఎక్కువ తాగాలి.

వెనక నుంచి ఒక రైతు: గేదెల కొట్టంలో పెట్టుకోవచ్చా?

కొట్టం నాలుగు వైపులా తెరిచి ఉంటుంది కదన్నా, కూలరు గాలి నిలవదు. గేదెకు చెమట తక్కువ, అందుకే నీళ్లలో పడుకుంటుంది. మధ్యాహ్నం రెండుసార్లు వొళ్లంతా తడిసేలా నీళ్లు కొట్టి, ఒక ఫ్యాను పెట్టండి. తడి ఆరేటప్పుడే చల్లబడుతుంది, అందుకని ఫ్యాను తప్పనిసరి.

కొత్తపట్నం నుంచి వచ్చిన ఒకాయన: మా వైపు అయితే ఇక కూలరు కొనడం దండగేనంటారా?

పూర్తిగా దండగ కాదు. మీకూ పడమటి గాలి తోలే రోజులుంటాయి, మనుషులు పోయేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. అప్పుడు మీ దగ్గర కూలరు కనిగిరిలో పనిచేసినట్టే పనిచేస్తుంది. మిగతా రోజుల్లో పంపు ఆపి ఫ్యానుగా వాడుకోండి. కొనేటప్పుడు ప్యాడ్ మందంగా ఉన్నది, పంపుకు వేరే స్విచ్ ఉన్నది చూసుకోండి. మీ దగ్గర ఉప్పు గాలి, ఇనుప బాడీ వద్దు, ప్లాస్టిక్‌దే తీసుకోండి. ఎండాకాలం అయ్యాక ట్యాంకు ఆరబెట్టి, పంపు తీసి మంచినీళ్లలో కడిగి, విడిగా దాచండి. లోపలే వదిలేస్తే పంపు చక్రానికి ఉప్పు పట్టి, వచ్చే మార్చిలో తిరగదు.